రాగి చెంబు చింతపండుతో తళతళలాడుతుంది కదా, మరి రాగి ఆమ్లంతో చర్య జరపదని పాఠంలో ఎందుకుంది?

కృష్ణలంక టైలరమ్మ (ప్రశ్న)

నమస్తే అండి. మా బాబు పదో తరగతి, ఇక్కడే విజయవాడలో, తెలుగు మీడియం. నేను ఇంటర్ సీఈసీతో ఆపేశాను, ఇంట్లో మిషన్ కుడతాను. రాత్రిపూట నేను కాజాలు కుడుతుంటే వాడు పక్కన కూర్చుని పాఠం అప్పజెబుతాడు. ఇప్పుడు నడిచేది ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. లోహంతో అయితే లవణం, హైడ్రోజన్. క్షారంతో అయితే లవణం, నీరు. కార్బనేట్‌తో అయితే లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్. ఈ మూడూ నీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పేస్తాడు. తేడా ఎక్కడొచ్చిందంటే ఇంట్లో చూసేదానికీ వాడు చెప్పేదానికీ పొంతన లేదు.

శుక్రవారం పూజ చెంబు చింతపండు పెట్టి తోముతాను. నల్లగా ఉన్నది కాస్తా కొత్తదానిలా అవుతుంది. చింతపండులో ఉండేది ఆమ్లమే కదా. మరి రాగి సజల ఆమ్లాలతో చర్య జరపదని వాడే చదివి వినిపించాడు. అయితే ఆ పోయిందేమిటి?

ఇంకోటి. బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగితే టైల్స్ మీద ఏమీ లేదు గానీ టైల్స్ మధ్య గీతల్లో బుసబుసమని నురగొచ్చింది. నాలుగు చుక్కలు గుమ్మం ముందు నాపరాయి మీద పడితే అక్కడా అంతే, పైగా తెల్ల మచ్చ పడింది. ఓనరు పిన్నిగారు చూసి ఒకటే గొణుగుడు. వంటింటి గ్రానైట్ మీద పడిన చుక్క మాత్రం చుక్కలాగే ఉంది. మావాడేమో "నురగొచ్చిందంటే హైడ్రోజనేనమ్మా" అంటాడు. రాయిలో లోహం ఉంటుందా?

మూడోది వాడి పరీక్ష పేపరు. ఒక లోహ సమ్మేళనం సజల హైడ్రోక్లోరికామ్లంతో కలిస్తే బుడగలొచ్చాయట, ఆ వాయువు వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పేసిందట, కాల్షియం క్లోరైడ్ తయారైందట. సమీకరణం రాయమన్నారు. వీడు హైడ్రోజన్ అని రాశాడు, సున్నా వచ్చింది. పేపరు దిద్ది ఇచ్చారు గానీ ఎందుకు తప్పో చెప్పలేదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

బెంజి సర్కిల్ హార్డ్‌వేర్

చదువు సంగతి పెద్దలు చెబుతారు, నేను యాసిడ్ సంగతి చెబుతాను. బాత్రూమ్ యాసిడ్ అని మా కొట్లో అమ్మేది హైడ్రోక్లోరికామ్లమే. అక్కా, దాన్ని నాపరాళ్ళ మీదా మొజాయిక్ మీదా వాడొద్దు, మెరుపు పోయిందంటే పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. సీసా మూత వదులుగా పెట్టి స్టీలు సామాన్ల పక్కన ఉంచినా ఆ ఆవిరికి తుప్పు మరకలు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, దానితోపాటు బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లకండి. క్లోరిన్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూములో ఊపిరాడదు. కొనే ప్రతివాళ్ళకీ చెబుతాను, వినేవాళ్ళు తక్కువ.

బ్రాడీపేట ఫిజికల్ సైన్స్ మాస్టారు

అమ్మా, గుంటూరు జిల్లా హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మీ అబ్బాయి మూడు సూత్రాలూ సరిగ్గానే చెప్పాడు. ఆమ్లం ఎదురుగా ఉన్నది ఆ మూడింటిలో ఏదో చూసుకోకుండా మొదటి సూత్రాన్నే అన్నిటికీ తగిలిస్తున్నాడు, ఇబ్బంది అక్కడుంది. మేం కూడా ల్యాబ్‌లో జింకు ముక్కలతోనే మొదలుపెడతాం, వచ్చిన హైడ్రోజన్ నిప్పుకి అంటుకునే ఆ "టప్" శబ్దం విన్న పిల్లలకు తర్వాత చెప్పినవేవీ చెవికెక్కవు.

చెంబుతో మొదలుపెడదాం. తోమేటప్పుడు చింతపండు తాకేది రాగిని కాదు, రాగి మీద పేరుకున్న పొరను. గాలి తగిలి రాగి పైభాగం ఆక్సైడ్‌గా మారుతుంది, నలుపూ గోధుమరంగూ అదే. లోహ ఆక్సైడ్‌లు క్షార స్వభావం ఉన్నవి. కాబట్టి ఇది మీవాడి రెండో సూత్రం కిందికి వస్తుంది: కాపర్ ఆక్సైడ్, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కలిసి రాగి లవణం, నీరు. హైడ్రోజన్ ఊసే లేదు, అందుకే నురగా లేదు. పొర కరిగి నీళ్ళతో పోయింది, అడుగున ఉన్న అసలు రాగి బయటపడింది. ల్యాబ్‌లో నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడిలో సజల హైడ్రోక్లోరికామ్లం పోసి కలిపితే నలుపు మాయమై ద్రవం నీలం, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరుగుతుంది. మీ చింతపండు పిప్పిని ఈసారి తెల్ల పింగాణీ గిన్నెలో పిండి చూడండి, రంగు తేడా తెలిసినా తెలియవచ్చు.

వాడకుండా అటక మీద పడేసిన చెంబుకి పచ్చగా చిలుము పడుతుంది చూశారా? అందులో కాపర్ కార్బనేట్, కాపర్ హైడ్రాక్సైడ్ కలిసి ఉంటాయి. దాని మీద పులుపు పెడితే రెండో సూత్రం, మూడో సూత్రం ఒకేసారి జరుగుతాయి. కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది, కానీ పొర పలచన కనుక కంటికి ఆనదు. అంటే ఒక్క చెంబు మీద లోహం, ఆక్సైడ్, హైడ్రాక్సైడ్, కార్బనేట్ నాలుగూ ఉండొచ్చు. వాటిలో ఆమ్లానికి లొంగనిది లోహం ఒక్కటే. దీనికి కారణం, లోహాలను చర్య జరిపే చురుకుని బట్టి పైనుంచి కిందికి పేర్చిన చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్ కంటే కింద ఉంటుంది, ఆమ్లంలోంచి హైడ్రోజన్‌ని వెళ్ళగొట్టే శక్తి దానికి లేదు. మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము పైన ఉన్నాయి, అవి వెళ్ళగొడతాయి.

"అయితే పులుసు రాగి గిన్నెలో పెట్టుకోవచ్చు కదా" అని పిల్లలు వెంటనే అడుగుతారు. పెట్టకూడదు. గంటలకొద్దీ ఉంచితే గాలిలోని ఆక్సిజన్ రాగిని కొంచెం కొంచెంగా ఆక్సైడ్ చేస్తుంటే, పులుపు దాన్ని వెంటనే కరిగిస్తూ పోతుంది. ఆ రాగి లవణాలు కడుపులోకి వెళితే వాంతులే. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేది ఇందుకే. పెరుగూ పుల్లటి పదార్థాలూ రాగి, ఇత్తడి పాత్రల్లో ఎందుకు ఉంచరన్నది పరీక్షల్లో పదే పదే వచ్చే ప్రశ్న. "ఆమ్లం లోహంతో చర్య జరిపి విషపదార్థాలు ఏర్పడతాయి" అని రాస్తే మార్కులేస్తారు, వాదించకుండా అలాగే రాయమనండి. కానీ మధ్యలో ఆక్సిజన్ పని చేస్తోందని మనసులో ఉంచుకోమనండి.

ఇక రాళ్ళ సంగతి. నాపరాయి సున్నపురాయి జాతి, అంటే ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్. మాచర్ల వైపు నుంచి వచ్చే పరుపు బండలైనా కడప బండలైనా అంతే. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చి సున్నం చేసేదీ ఆ జాతి రాయినే. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాయి మీదే, అక్కడ మాత్రం మీవాణ్ణి ప్రయోగాలు చెయ్యొద్దనండి. ఆమ్లం పడగానే కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్. ఆ బుసబుస కార్బన్ డయాక్సైడ్‌ది, హైడ్రోజన్‌ది కాదు. తెల్ల మచ్చ అంటారా, పాలిష్ పొర కరిగిపోయి గరుకు తేలింది, కడిగితే పోదు. టైల్స్ మధ్య గీతల్లో ఉన్నది సిమెంటు. గాలి పీల్చి దానిలోని సున్నం కొంత కార్బనేట్ అయిపోయి ఉంటుంది, కనుక అక్కడా నురగ. టైలు కాల్చిన మట్టి, పైన గాజు పూత. గ్రానైటు సిలికేట్ ఖనిజాల ముద్ద. రెండింటిలోనూ కార్బనేట్ లేదు, అందుకే మీ చుక్క చుక్కలాగే ఉంది.

ఇప్పుడు పరీక్ష ప్రశ్న వాడే చెయ్యగలడు. "లోహ సమ్మేళనం" అన్నారు గానీ "లోహం" అనలేదు. వీడి కన్ను లోహం దగ్గరే ఆగింది. నిప్పు దగ్గర పెడితే హైడ్రోజన్ తానే అంటుకుని టప్‌మంటుంది. కొవ్వొత్తిని ఊరికే ఆర్పేసిందంటే కార్బన్ డయాక్సైడ్. మిగిలింది కాల్షియం క్లోరైడ్ కాబట్టి మొదట ఉన్నది కాల్షియం కార్బనేట్. ఒక పాలు కాల్షియం కార్బనేట్‌కి రెండు పాళ్ళు హైడ్రోక్లోరికామ్లం పడుతుంది, కాల్షియంకి రెండు క్లోరిన్లు కావాలి గనక. ఆ 2 వెయ్యడం మరిచిపోతే తుల్యం కాలేదని అర మార్కు కోస్తారు.

బాత్రూమ్ యాసిడ్‌తో పిల్లాడిచేత ఏమీ చేయించకండి. మీ ఇంట్లో నీళ్ళు కాచే హీటర్ రాడ్ ఉంటే, ప్లగ్గు పీకి చల్లారాక దాని మీది తెల్లటి గారను గీకి ఒక గిన్నెలో వేసి నిమ్మకాయ పిండమనండి. వచ్చిన బుడగలు ఏవో వాడే చెప్పాలి.

వన్‌టౌన్ కంసాలి గారబ్బాయి

అక్కా, మాస్టారు చెప్పింది మా ఇంట్లో రోజూ జరిగేదే. నగకు టంకం పెట్టి ఊదాక నల్లబడుతుంది. 22 క్యారెట్ల బంగారంలో నూటికి 91.6 పాళ్ళే బంగారం, తక్కినది రాగీ వెండీ. ఆ రాగి మంటకు ఆక్సైడ్ అయి నలుపెక్కుతుంది. నాన్న దాన్ని నీళ్ళు కలిపిన సల్ఫ్యూరికామ్లంలో వేడిచేసి తీస్తారు, నలుపు విడిచిపోతుంది, నగ అరగదు. ఆ ద్రవాన్ని మళ్ళీ మళ్ళీ వాడేకొద్దీ నీలంగా మారుతుంది. అది కాపర్ సల్ఫేట్ అని నాకు స్కూల్లో చదివాక తెలిసింది, నాన్నకు ఇప్పటికీ ఆ పేరుతో పని లేదు.

ఒక్క మాట మాత్రం చేర్చాలి. రాగికి ఏ ఆమ్లమూ పనిచెయ్యదని బాబు రాస్తాడేమో, రాయొద్దనండి. గాఢ నైట్రికామ్లంలో చిన్న రాగి తీగ వేస్తే ఎర్రటి గోధుమరంగు పొగ లేస్తుంది, తీగ పూర్తిగా కరిగి ద్రవం పచ్చగా అయిపోతుంది. గీటురాయి మీద గీసి ఆ ఆమ్లం చుక్క పెట్టేది అందుకే. కల్తీ రాగి కరిగిపోతుంది, బంగారం గీత నిలుస్తుంది. ఆ పొగ పీల్చకూడదు, మేం వాకిట్లోనే చేస్తాం.

బ్రాడీపేట ఫిజికల్ సైన్స్ మాస్టారు

బాగా చెప్పావు బాబూ. ఆ పొగ నైట్రోజన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కాదు. నైట్రికామ్లం బలమైన ఆక్సీకరణి, అంటే ఎదుటిదానికి ఆక్సిజన్ అందించేది, హైడ్రోజన్ పుట్టినా దాన్ని నీరుగా మార్చేస్తుంది. అందుకే లోహాలతో హైడ్రోజన్ తయారుచేసే ప్రయోగానికి దాన్ని వాడరు. బాగా పలచన చేసిన నైట్రికామ్లంతో మెగ్నీషియం, మాంగనీస్ మాత్రం హైడ్రోజన్ ఇస్తాయి. ఇది బిట్ ప్రశ్నగా వస్తుంది.

అరండల్‌పేట ఇన్వర్టర్

మాస్టారూ, మాది గుంటూరే. కిందటేడు మా వరండాలో ఇన్వర్టర్ బ్యాటరీ కారి నాపరాయి మీద పడింది. కాసేపు బుస్సుమని ఆగిపోయింది, తెల్లగా పొరలా కట్టింది. బాత్రూమ్ యాసిడ్ అయితే పోసినంతసేపూ పొంగుతూనే ఉంటుంది. బ్యాటరీది బలమైన ఆమ్లం అంటారు కదా, మరి మధ్యలో ఎందుకు ఆగింది?

బ్రాడీపేట ఫిజికల్ సైన్స్ మాస్టారు

బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరికామ్లం. రాతితో కలిస్తే కాల్షియం సల్ఫేట్ పుడుతుంది, అది నీళ్ళలో సరిగా కరగదు. పుట్టినచోటే రాతి మీద పొరకట్టి, కింద ఉన్న రాయిని ఆమ్లానికి అందనివ్వదు. కాల్షియం క్లోరైడ్ బాగా కరుగుతుంది కాబట్టి హైడ్రోక్లోరికామ్లానికి ఎప్పుడూ కొత్త రాయి దొరుకుతూనే ఉంటుంది. పాలరాతి ముక్కలతో కార్బన్ డయాక్సైడ్ తయారుచేసేటప్పుడు సల్ఫ్యూరికామ్లం ఎందుకు వాడరో మీ వరండా చెప్పింది. సీసం కూడా ఇంతే. శ్రేణిలో హైడ్రోజన్ కంటే పైనే ఉన్నా, సజల సల్ఫ్యూరికామ్లంలో లెడ్ సల్ఫేట్ పొర కట్టుకుని ఊరుకుంటుంది. ఆ బ్యాటరీ లోపల పలకలు సీసంవే కదా.

ఆమ్లం ఎంత బలమైనదన్న ప్రశ్నకంటే, పుట్టిన లవణం కరుగుతుందా లేదా అన్నది ముందు చూడాలి. పాఠాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారని నాకెప్పుడూ కోపమే. మరోసారి కారితే నీళ్ళు పోసి పలచన చేసి, వంటసోడా చల్లండి, పొంగడం ఆగేదాకా.

కృష్ణలంక టైలరమ్మ

మాస్టారూ, దణ్ణం. హీటర్ రాడ్ గార మీద నిమ్మకాయ పిండాం, బుడగలొచ్చాయి. మావాడు గెంతులేశాడు, "కార్బనేట్ కార్బనేట్" అని. కంసాలి తమ్ముడికీ థాంక్స్.

అయితే వాడికింకా సందేహాలు. క్షారంతో చర్యలో నురగా లేదు, శబ్దమూ లేదు, మరి జరిగిందని ఇంట్లో ఎలా చూడాలి అంటాడు. ఇంకోటి, సున్నపుతేటలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే పాలలా తెల్లబడుతుందనీ, ఇంకా పంపితే మళ్ళీ తేటపడుతుందనీ ఉందట. తెల్లబడటం సరే, తిరిగి తేటపడటం ఎందుకో నాకూ అర్థం కాలేదు.

బ్రాడీపేట ఫిజికల్ సైన్స్ మాస్టారు

రెండిటికీ కిళ్ళీ కొట్టు సున్నం చాలమ్మా.

మొదటిది మీకు తెలిసిందే. దిష్టి తియ్యడానికి పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. సున్నం క్షారం, పసుపు సూచిక, అంటే క్షారం ఉందో లేదో రంగు మారి చెప్పేది. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మరసం చుక్క చుక్కగా వేస్తూ కలపమనండి. కొంతసేపు ఎరుపు అలాగే ఉంటుంది, తర్వాత ఒక చుక్కతో పసుపుకు తిరుగుతుంది. క్షారం అయిపోయిందని అర్థం. స్కూల్లో ఫినాఫ్తలీన్ అనే సూచిక గులాబీరంగు పోవడం చూపించేదీ ఇదే. మళ్ళీ చిటికెడు సున్నం వేస్తే ఎరుపు తిరిగొస్తుంది. వేడి కూడా పుడుతుంది గానీ ఈ కొద్ది మోతాదులో చేతికి తెలియదు. సున్నం తడిగా, తాజాగా ఉండాలి. డబ్బాలో ఎండి గడ్డకట్టిన పాత సున్నం అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తాగి కార్బనేట్ అయిపోయి ఉంటుంది, నిమ్మరసం పడగానే బుడగలు వస్తాయి. తాజా సున్నానికి రావు. పక్కపక్కన పెట్టి చేయించండి, రెండో సూత్రానికీ మూడో సూత్రానికీ తేడా కళ్ళముందే ఉంటుంది.

రెండోదానికి సున్నాన్ని గ్లాసు నీళ్ళలో కలిపి మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట మాత్రం వంచుకోవాలి. అది కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణం. ఒక సీసాలో వంటసోడా, వెనిగర్ వేసి, వచ్చే వాయువును సన్నని గొట్టంతో ఈ తేటలోకి పంపాలి. కాల్షియం కార్బనేట్ సన్నని పొడిగా పుడుతుంది, కరగదు, అందుకే పాలలా కనిపిస్తుంది. వాయువు ఇంకా పంపుతూ పోతే ఆ కార్బనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ మూడూ కలిసి కాల్షియం హైడ్రోజన్ కార్బనేట్ అవుతాయి. అది కరుగుతుంది, తేటపడుతుంది.

ఇప్పుడు మీ హీటర్ రాడ్ దగ్గరికి రండి. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని సున్నపురాయి పొరల్లోంచి దిగుతూ సరిగ్గా ఇదే పని చేస్తుంది, కరిగిన హైడ్రోజన్ కార్బనేట్‌తో బోరులోకి చేరుతుంది. చూడ్డానికి నీళ్ళు తేటగానే ఉంటాయి. రాడ్ పెట్టి కాచగానే చర్య వెనక్కి తిరుగుతుంది: కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, కాల్షియం కార్బనేట్ రాడ్‌ని పట్టుకుంటుంది. మీరు నిమ్మకాయ పిండింది దాని మీదే. గ్లాసులో తేటపడిన ద్రవాన్ని మీవాడు స్టీలు గిన్నెలో పోసి స్టవ్ మీద మరిగిస్తే మళ్ళీ తెల్లబడుతుంది. ఆ భాగం చాలా స్కూళ్ళలో చూపించరు, మేమూ గ్యాస్ సిలిండర్ ఉన్న ఏడాదే చూపించేవాళ్ళం.

గొట్టం తేటలో ఉండగా నోటితో పీల్చొద్దని చెప్పండి, సున్నపునీళ్ళు గొంతులోకి పోతాయి. వెనిగర్ సీసాకి గొట్టం పెట్టిన దారి తప్ప వేరే సందు లేకపోతే వాయువు ఇటే వస్తుంది, గోధుమపిండి ముద్దతో మూతి బిగిస్తే సరిపోతుంది. వాయువు తేటలోకి రాకుండా గొట్టం ఎక్కడైనా మడత పడితే మాత్రం సీసా మూత ఎగిరి మీ మిషన్ మీది గుడ్డలన్నీ తడుస్తాయి, వంటింట్లో చేయించండి.